గుండు నుంచి కత్తి దాకా: కిన్మెన్ కథ

ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన సంగతి ఇక్కడ రాస్తున్నా. పోయినేడు సెలవుల్లో జోహోర్ నుంచి తైవాన్ వెళ్ళినప్పుడు కిన్మెన్ దీవిలో ఒక కూరగాయల కత్తి కొన్నాను. చైనా వాళ్ళు వాడే వెడల్పాటి కత్తి. దాని ఇనుము ఫ్యాక్టరీ నుంచి రాలేదు, ఆకాశం నుంచి పడింది.

కిన్మెన్ తైవాన్ పాలనలో ఉన్నా, చైనా రేవు షియామెన్‌కు ఎదురుగానే ఉంటుంది. రెండింటి మధ్య కొద్ది కిలోమీటర్ల నీళ్ళే. 1949లో ఓడిన చాంగ్ కై షేక్ సైన్యం అక్కడ పాతుకుపోయింది. 1958 ఆగస్టు 23 సాయంత్రం అవతలి ఒడ్డు ఫిరంగులు ఒక్కసారిగా మొదలెట్టాయి. 44 రోజుల్లో దాదాపు 4 లక్షల 70 వేల గుండ్లు పడ్డాయి. దీవి మొత్తం కలిపినా 150 చదరపు కిలోమీటర్లే. జనం నేలమాళిగల్లో బతికారు.

తర్వాత విచిత్రమైన పద్ధతి వచ్చింది. తేదీ బేసి అయితే గుండ్లు, సరి అయితే సెలవు. 1979 జనవరి 1న అమెరికా చైనాను అధికారికంగా గుర్తించింది, ఆ రోజే అది ఆగింది. ఆ ఇరవై ఏళ్ళలో ఎక్కువ శాతం ప్రచార గుండ్లు. గాల్లో పగిలి కరపత్రాలు చల్లుతాయి. పేరుకి కాగితాలే, కానీ ఇంటి మీద పడితే ప్రాణం పోయేది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. పేలే గుండు ముక్కముక్కలవుతుంది. ప్రచార గుండు తొడుగు మాత్రం మందంగా, పెద్ద ముక్కగా మిగులుతుంది. దీవిలో కమ్మరులకు అంత మంచి ఉక్కు ఇంకెక్కడ దొరుకుతుంది? ఒక్క గుండు నుంచి 60 దాకా కత్తులు వస్తాయని చెబుతారు.

నేను ఐటీఐ ఫిట్టర్‌ని, కొలిమి దగ్గర నుంచి కాలు కదల్లేదు. గ్యాస్‌తో ముక్క కోశారు, ఎర్రగా కాల్చారు, పవర్ హ్యామర్ కింద సాగదీశారు, సాన పట్టారు. కాల్చి ముంచితే ఉక్కు గట్టిపడుతుంది కానీ పెళుసవుతుంది. మళ్ళీ సన్నగా వేడిచేస్తే ఆ పెళుసు పోతుంది. మా ఊరి కమ్మరి లారీ కమాను పట్టీతో మాంసం కత్తి చేసేదీ ఇలాగే.

రాత్రి వీడియో కాల్‌లో అమ్మకు చూపించా. "ఎవరి ఉసురు పోసుకున్న ఇనుమో, మనింట్లకెందుకు రా?" అంది. జవాబు లేక ఫోన్ పెట్టేశాను.

కానీ ఆ రోజు షాపులో నా పక్కన నిలబడి కత్తి కొన్నాయన షియామెన్ నుంచి పడవలో వచ్చాడు. 2001 నుంచి ఆ పడవలు నడుస్తున్నాయి. గుండు ఏ ఒడ్డు నుంచి వచ్చిందో ఆ ఒడ్డుకే కత్తిగా వెళ్తోంది. ఆయన భార్య దాంతో ఉల్లిపాయలు తరుగుతుంది.

కత్తిని అట్టలో చుట్టి, చెక్-ఇన్ పెట్టెలో వేసి తెచ్చా. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ దాన్ని ఒకటికి రెండుసార్లు కడిగింది. పసుపు రాసింది. తర్వాత సొరకాయ కోసి, "మంచిగనే తెగుతుంది" అంది.