క్షణమును నిలిపిన గాజుపలకలు

ఛాయాచిత్రములు తీయుట నా వృత్తి. హైదరాబాదు నగరమునకు ఉత్తరముగా, మేడ్చల్, శామీర్‌పేటల నడుమనున్న పల్లెలలో కెమెరా భుజమున వేసికొని తిరుగుట నాకు చిరకాలపు అలవాటు. పెండ్లి, బారసాల, బోనాలు, చెరువు అలుగు పారిన దినము - పిలిచినచోటికి పోవుదును, పిలువనిచోటికిని పోవుదును. ఇట్టివాడు చరిత్రను గూర్చి ప్రసంగింపనేల యని శ్రోతలడుగవచ్చును. జారిపోవు క్షణమును పట్టి నిలుపు ఈ పని మన ప్రాంతమున ఎట్లు వేరూనెను, ఎవరి క్షణములు నిలిచెను, ఎవరివి నిలువలేదు అను ప్రశ్నలు నన్ను చాలకాలముగా వెన్నాడుచున్నవి. వానికి సమాధానము నా చీకటిగదిలో దొరకలేదు; చరిత్రలో వెదకవలసి వచ్చినది.

ఈ చరిత్రలో మొదట తలపవలసిన పేరు రాజా దీనదయాళునిది. అతడు తెలుగువాడు కాడు. 1844లో మీరటు సమీపమున సర్ధనాలో ఒక జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో మరామతు శాఖయందు కొలువు చేసెను. భవనముల కొలతలు గీయువాడు కెమెరా పట్టుట 1874 ప్రాంతమున. ఆ పిమ్మట ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆదరణ లభించగా సికింద్రాబాదున స్థిరపడి చిత్రశాల నెలకొల్పెను. 1894లో నిజాము అతనికి రాజా బిరుదమును, ముసవ్విర్ జంగ్ అను పేరును ప్రసాదించెను. ముసవ్విరు అనగా చిత్రకారుడు. జంగు అనగా యుద్ధము. చేత కత్తిలేని జంగు ఆ దర్బారున ఇతడొక్కడే కాబోలు!

అతని పనులలో నాకు మిక్కిలి నచ్చినది 1892లో హైదరాబాదున తెరచిన జనానా చిత్రశాల. ఎత్తైన గోడల నడుమ, పరపురుషుని కంటబడకుండ, పరదాలోని స్త్రీలు అచటికి వచ్చి చిత్రము తీయించుకొనెడివారు. దానిని నడపినది కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత. ముఖము చూపరాని కాలమున, తన ముఖము కొన్నాళ్లయినను నిలువవలెనను కోరిక ఆ స్త్రీలకు లేకపోలేదు. గోడలు కట్టియైనను ఆ కోరికకు చోటు చూపిన వ్యాపారిని నేను మెచ్చుకొందును. వ్యాపారి యనుట నింద కాదు. మేమందరమును ఆ కోవలోనివారమే.

ఇక ఆనాటి పనితీరు చెప్పెదను. 1851లో వచ్చిన తడిపలక పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, అది ఆరకమునుపే చిత్రము తీసి, ఆరకమునుపే కడిగి తేల్చవలసియుండెను. పొలములోనికి పోవుననగా చీకటిగుడారమును కూడ మోసికొని పోవలసినదే. 1871లో మాడక్సు అను ఆంగ్లవైద్యుడు జెలటినుతో పొడిపలకకు దారి చూపిన తరువాత ఆ బరువు తగ్గెను. దీనదయాళుడు వృత్తిలో పైకివచ్చుటయు, పొడిపలకలు బజారున దొరకుటయు ఇంచుమించు ఒకే కాలమున జరిగినవి. అయినను, పెట్టె బరువైనది. పలకలు పగులునవి, వెలగలవి. నల్లగుడ్డ తలపై కప్పుకొని చూచినచో లోకము తలక్రిందుగా కనబడును. చెట్టు క్రిందికి వ్రేలాడును, ఆకాశము పాదములయొద్ద నుండును. అట్లు చూచి చూచి, ఎండ ఎటు మరలునో కనిపెట్టి, అప్పుడు మూత తీయవలెను. పది పలకలు మోసికొనిపోయినవాడు పదిమారులే తీయగలడు. కాని ఒక్కొక్కమారు ఎంతసేపు చూచెడివాడు! క్షణమును రుచి చూచుట యన్నచో నాకు స్ఫురించునది ఆ నల్లగుడ్డక్రింది నిరీక్షణమే. నేడు ఆదివారపు సాయంకాలమున శామీర్‌పేట చెరువు కట్టపై నిలిచినవారు నీటికి వీపుపెట్టి, చేతిలోని ఫోనుతో ఒక్క నిముషమున ముప్పది చిత్రములు తీసికొందురు. వారిని నేను పరిహసింపను. వారి తాతలలో అనేకులకు ఒక్క చిత్రమైనను లేదు.

ఆ లేమి యెట్టిదో మేడ్చల్ రైలుస్టేషనునందు నిలిచినప్పుడెల్ల నాకు తోచును. సికింద్రాబాదునుండి మేడ్చల్, నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదులమీదుగా మన్మాడు చేరు గోదావరి లోయ రైలుమార్గము 1899-1901 నడుమ తెరువబడెను. అవియే మహాక్షామపు సంవత్సరములు. ఈ మార్గమున దూరముగా నున్న ఔరంగాబాదులో, ఎముకలు చర్మమును పొడుచుకొని వచ్చిన మనుష్యులను వరుసగా నిలువబెట్టి తీసిన చిత్రము దీనదయాళుని చిత్రశాలనుండి వచ్చినది. అది సర్కారువారి సహాయకార్యములను చూపుటకు కూర్చిన ఆల్బములోనిది. కృశించుటలోని రకములు అను అర్థమిచ్చు శీర్షిక దానికున్నది. రకములట! విత్తనములకు, వస్త్రములకు వాడు మాట. 1902లో నెక్కొండయొద్ద చంపిన పులి ప్రక్కన కర్జను ప్రభువును, అతని భార్యయు నిలిచిన చిత్రము కూడ ఆ చిత్రశాలదే. వేటగాని పేరు, వేట జరిగిన చోటు, సంవత్సరము అన్నియు మనకు తెలియును. ఔరంగాబాదు వరుసలో నిలిచినవారి పేరు ఒక్కటియు ఆ శీర్షికలో లేదు. అయినను వారి కన్నులు కెమెరావైపే చూచుచున్నవి. శీర్షిక వ్రాయించినవారు ఆ చూపును మార్పలేకపోయిరి. పోషకుడు కోరినదే తీసిన ఛాయాగ్రాహకుడైనను, పోషకుడు కోరనిది కూడ కొంత పలకపై పడుచునేయుండును. ఈ విద్యలో నాకు నమ్మకము నిలిపినది ఇదియే.

మా ప్రాంతమునకు వచ్చెదను. మేడ్చల్, శామీర్‌పేట నేలలు ఒకప్పుడు ద్రాక్షకు పేరుపడినవి. అనాబ్-ఎ-షాహి అను పొడుగుగింజల ద్రాక్ష హైదరాబాదు పరిసరములకు కీర్తి తెచ్చినది. రాతిస్తంభములపై తీగెల పందిళ్లు, వానిక్రింద మధ్యాహ్నమునందును పచ్చని మసక వెలుగు. ఆ వెలుగులో ముఖములు తీయుట సులభము కాదు, తీసినచో విడువబుద్ధి కాదు. నగరము పెరిగినది. 158 కిలోమీటర్ల వలయరహదారి మేడ్చల్, శామీర్‌పేటలను తాకుచు పోయినది. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి యను జిల్లాయే ఏర్పడినది. తోటలలో పెక్కు ఇండ్లస్థలములైనవి. అమ్మినవారికి ధనము వచ్చినది, పిల్లలు చదువుకొనిరి. దానికి నేను విలపింపను. కాని నాయొద్దనున్న ఆ తోటల చిత్రములను చూపినప్పుడు వారు ముందుగా తమ ముఖములను చూడరు. వెనుకనున్న బావిని, మోటదారిని, గట్టుమీది వేపచెట్టును వ్రేలితో తాకి చూపుదురు. నేను అవసరములేదని అంచుకు నెట్టినవి వారికి నడుమనున్నట్లు కనబడుచున్నవి.

నిలుపుట యన్నది తీయుటకంటె వేరైన పని. వెండి లవణముపై వెలుగుపడి బొమ్మ పుట్టును. దానిని హైపో నీటిలో ముంచనిచో పుట్టించిన వెలుగే దానిని నల్లబరచి మింగివేయును. హైపో గుణమును 1819లోనే హెర్షెలు కనిపెట్టెను. ఆ హైపోను మరల బాగుగా కడుగనిచో కొన్ని యేండ్లకు చిత్రము పసుపువన్నెకు తిరుగును. పేరుగల చిత్రములు ఎన్నియో తొందరపడి కడుగుటచేతనే చెడినవి. దీనదయాళుడు 1905లో మరణించెను. అతని పలకలలో 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. ఒక మనుష్యుని జీవితకాలపు చూపు గాజుగా, పగులుటకు సిద్ధముగా, నూరేండ్లకుపైగా నిలిచినదన్నచో దానిని ఓపికతో కాపాడిన చేతులెన్నియో యుండవలెను.

నేను చేయునది చిన్నపని. అచ్చువేసిన ప్రతి చిత్రము వెనుకను పెన్సిలుతో ఊరు, తేదీ, ఎడమనుండి కుడికి పేర్లు వ్రాయుదును. సిరా ముందువైపునకు ఊరును, పెన్సిలు ఊరదు. ఇటీవల శామీర్‌పేట వైపు ఒక ముసలమ్మ రేకుడబ్బానుండి పాతచిత్రమొకటి తీసి, మరియొక ప్రతి వేయుమని ఇచ్చినది. ద్రాక్షపందిరిక్రింద అయిదుగురు కూలి స్త్రీలు, తలలపై గంపలు. నలుగురి పేర్లు ఆమె చెప్పినది, నేను వ్రాసికొంటిని. ఎడమనుండి మూడవయామె పేరు ఆమెకు తట్టలేదు. నవ్వు మాత్రము జ్ఞాపకమున్నదనెను. ఆ చోటు ఖాళీగా విడిచితిని. ఆ వాడలో అడుగవలసిన ఇండ్లు ఇంకను రెండున్నవి.