ఒకే జన్మదినము – నాలుగు జీవితములు

పుదుచ్చేరి పట్టణమునకు ఉత్తరదిశను ముత్తియాల్‌పేట యున్నది. ఆ పేటకు చెందిన కృష్ణస్వామి చెట్టియారుకు ఒక మామిడితోట యుండెడిది. 1912 ప్రాంతమున ఆయన మిత్రుడగు సుబ్రహ్మణ్య భారతి ఆ తోట నీడలలో విహరించుచు ‘కుయిల్ పాట్టు’ అను కావ్యమును రచించెను. ‘కుయిల్ తోప్పు’ అను పేరు ఆ తోటకు స్థిరపడినది. పత్రికా సంపాదకునకు కోకిల పాట వినుటకు అంత తీరిక ఎట్లు లభించెను? ఆయన పత్రిక అప్పటికే మూతపడి యుండుటయే దానికి కారణము.

భారతి 1882 డిసెంబరు 11న ఎట్టయపురమున జన్మించెను. 1904లో మద్రాసునందు ‘స్వదేశమిత్రన్’ పత్రికలో ఉపసంపాదకుడుగా చేరి, పిమ్మట ‘ఇండియా’ వారపత్రికను నడిపెను. తమిళ పత్రికలలో రాజకీయ వ్యంగ్యచిత్రములకు దారి తీసినది ఆ పత్రికయే. 1908లో బ్రిటిషు ప్రభుత్వము కన్నెఱ్ఱ జేయగా భారతి ఫ్రెంచివారి ఏలుబడిలోని పుదుచ్చేరికి తరలిపోయెను. పత్రికయు అచ్చటనుండియే వెలువడసాగెను. కాని పాఠకులలో అధికులు సరిహద్దు కావలనుండిరి. పత్రిక సరిహద్దు దాటకుండ నిషేధము విధింపబడగా 1910లో అది ఆగిపోయెను. జీవనాధారము పోయినది, కవి మిగిలెను. ‘పాంచాలి శపథము’, ‘కణ్ణన్ పాట్టు’ ఆ లేమిలో పుట్టినవే.

అదే డిసెంబరు 11వ తేదీని జన్మించిన మఱి ముగ్గురు ప్రసిద్ధుల చరిత్రలను దీని ప్రక్క నుంచి చూడదగును. జీతమిచ్చు పని ఒక వైపునకును, మనస్సు కోరు పని మఱియొక వైపునకును లాగినపుడు మనుష్యుడేమి చేయును అను ప్రశ్న నలుగురికిని ఎదురైనది. సమాధానములు మాత్రము వేఱు.

మొదటివాడు ఫ్రెంచి సంగీతకర్త హెక్టర్ బెర్లియోజ్. 1803లో జన్మించిన ఈయన తండ్రి వైద్యుడు. కుమారుడును వైద్యుడు కావలెనని పారిస్ పంపగా, అతడు శవచ్ఛేదశాలను విడిచి సంగీతశాలను చేరెను. 1830లో ‘సింఫొనీ ఫాంతాస్తిక్’ ప్రదర్శింపబడి ఆయనకు పేరు తెచ్చెను. పేరు తెచ్చినది గాని అన్నము పెట్టలేదు. అందుచే ‘జూర్నాల్ దె దెబా’ అను దినపత్రికకు దాదాపు 30 సంవత్సరములు సంగీత విమర్శలు వ్రాసి జీవించెను. ఒక రాత్రి స్వప్నమున ఒక నూతన సింఫొనీ ఆయనకు వినవచ్చెనట. దానిని వ్రాయ గూర్చున్నచో పత్రికారచన ఆగును, ఆదాయము పోవును. ఇంట భార్య రోగపీడితురాలు. కావున వ్రాయక బిగబట్టగా, కొలది దినములలో ఆ సంగీతము మనస్సునుండి చెరిగిపోయెను. ఈ సంగతి ఆయనయే స్వీయచరిత్రలో చెప్పుకొనెను. 1863లో ఒక సంగీత నాటకము ధనమీయగా విమర్శకుని కలమును పడవేసెను. కాని అప్పటికే ముదిమి పైబడినది. 1869లో మరణించెను.

రెండవవాడు 1913లో షెర్బూర్గ్ నగరమున జన్మించిన ఫ్రెంచి నటుడు ఝాఁ మరే. 1941లో పారిస్ జర్మనుల వశమున నుండగా, వారి ప్రాపున విజృంభించుచున్న అలెన్ లోబ్రో అను విమర్శకుడు మరేకు ఆప్తుడగు ఝాఁ కొక్తో నాటకమును దుయ్యబట్టెను. మరే ఆతనిపై చేయి చేసికొనెను. ఆ కాలమున అట్టి విమర్శకుని కొట్టుట రంగజీవితమునే గాక ప్రాణమును సయితము పణముగా నొడ్డుట. పిమ్మట లోబ్రో స్పెయిన్‌కు పారిపోయెను. మరే 1946లో కొక్తో తీసిన ‘లా బెల్ ఎ లా బెత్’ చిత్రముతో కీర్తిశిఖరము నెక్కి, 1998 వఱకు జీవించెను.

మూడవవాడు 1922లో పెషావరున జన్మించిన యూసుఫ్ ఖాన్. 1944లో ‘జ్వార్ భాటా’ చిత్రముతో దిలీప్ కుమార్ అయ్యెను. విషాదపాత్రలను వరుసగా ధరించుటచే మనస్సు క్రుంగిపోగా, వైద్యుల సలహాపై తన కీర్తికి మూలమైన ఆ బాటను వీడి, 1955లో ‘ఆజాద్’ చిత్రమున హాస్యమునకు మరలెను. తెలుగు ‘రాముడు భీముడు’ను అనుసరించి నాగిరెడ్డి 1967లో నిర్మించిన ‘రామ్ ఔర్ శ్యామ్’లో ఆయన ద్విపాత్రాభినయము ఆ మార్పునకు పండిన ఫలము. ఐదు దశాబ్దములకు పైగా సాగిన జీవితమున ఆయన నటించిన చిత్రములు డెబ్బదికి లోపే. 2021లో మరణించెను.

సర్వీసు రిజిస్టరులో తొలి పుటయందే జన్మతేది యుండును. దానినిబట్టి పదవీ విరమణ దినమును లెక్కింపవచ్చునే గాని ఉద్యోగి యెట్టివాడో తెలియరాదు. ఒకే తేది ఈ నలుగురికిని ఒకే జాతకము నీయలేదు. బెర్లియోజ్ ఇంటిని నిలుపుటకు సంగీతమును బలియిచ్చెను. దానిని తప్పు పట్టుటకు ఎవరికిని నోరాడదు. భారతి ఇంటికి లేమిని తెచ్చి కవిత్వమును నిలిపెను. ఆ బరువును ఆయన భార్యాబిడ్డలును మోసిరి.

భారతి 1918లో పుదుచ్చేరిని వీడి, 1920లో తిరిగి ‘స్వదేశమిత్రన్’లో చేరి, మఱుసటి సంవత్సరము 38 ఏండ్లకే కన్నుమూసెను. 1947లో ఏ.వి.యం. వారి ‘నాం ఇరువర్’ చిత్రము ఆయన పాటలను ఇంటింటికిని చేర్చెను. 1949లో మద్రాసు ప్రభుత్వము ఆయన రచనల హక్కులను తీసికొనెను. తరువాత అవి ప్రజల సొత్తయ్యెను. తెలుగును సుందరమని పాడిన ఆ కవికి తెలుగువారును ఋణపడి యున్నారు. పత్రికను ప్రభుత్వము ఆపగలిగినది. ముత్తియాల్‌పేట తోటలో పుట్టిన పాటను మాత్రము ఆపలేకపోయినది.