ఐఆర్‌క్యూ తగాదాల కాలం

పత్తి మార్కెట్‌కు పేరొందిన ఆదోనిలోనైనా, చేనేతకు పేరొందిన ఎమ్మిగనూరులోనైనా 1990ల నాటి పీసీ 1981 నాటి ఐబీఎం నమూనాకు వారసురాలే. మోడెం వంటి పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాన్ని ఇంటరప్ట్ అని, అది నడిచే దారిని ఐఆర్‌క్యూ అని అంటారు. ఇవి తొలి నమూనాలో 8 మాత్రమే కాగా, 1984 నాటి ఏటీ యంత్రంలో వాడకానికి 15 దక్కాయి. కామ్ 1, కామ్ 3 అనే సీరియల్ పోర్టులు రెండూ 4వ నంబరు ఐఆర్‌క్యూనే వాడేవి కనుక, మౌస్ ఒకదానిపైన, మోడెం రెండోదానిపైన ఉంటే ఏదో ఒకటి మొరాయించేది. అప్పుడు మెకానిక్ మూత విప్పి, కార్డుమీది జంపర్ అనే చిన్న తొడుగును ఒక పిన్నుల జత నుంచి మరో జతకు మార్చి, ఆ నంబరునే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌కూ తెలపవలసి వచ్చేది. ఎంతో ఓర్పు కోరిన ఈ విద్యకు దక్కవలసిన గౌరవం దక్కలేదు. 1995లో వచ్చిన విండోస్ 95, ప్లగ్ అండ్ ప్లే పద్ధతిలో నంబర్లను తానే పంచిపెట్టసాగింది. పీసీఐ అనే కొత్త రకం కార్డులు ఒకే ఐఆర్‌క్యూను పంచుకోగలగడంతో జంపర్ల అవసరం క్రమంగా తీరిపోయింది.