గురువారం రాత్రి ఆటలు

డిసెంబరు దగ్గరపడుతోందంటే మా ఇంట్లో భోజనాల దగ్గర ఒకటే వాదన. ఈసారి స్టేట్ ఛాంపియన్‌షిప్ ఏ హైస్కూలు కొడుతుంది? మేముండేది డల్లాస్ పక్కన. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే మన ఆట కాదు, కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. శుక్రవారం సాయంత్రమైతే ఊరు ఊరంతా హైస్కూలు స్టేడియంలోనే ఉంటుంది.

మా వాడు డంకన్‌విల్ అంటాడు. మావారు హ్యూస్టన్ వైపు నార్త్ షోర్ అంటారు. 2018 నుంచి 2023 లోపల ఈ రెండు జట్లే ఐదుసార్లు ఫైనల్లో తలపడ్డాయి. 2018, 2019, 2021లో నార్త్ షోర్, 2022, 2023లో డంకన్‌విల్ గెలిచాయి. 2018లోనైతే ఆట ముగిసే క్షణంలో దూరం నుంచి విసిరిన బంతిని అందుకుని నార్త్ షోర్ గెలిచింది. ఆ ముక్క మావారు ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటారు. నేను పప్పులోకి నెయ్యి వడ్డిస్తూ వింటూ ఉంటాను.

ఒకరోజు ఊరికే అడిగాను, "వెనకటి రోజుల్లో ఎవరు గెలిచేవారురా?" అని. వాడు ఫోనులో పాత పట్టిక తీశాడు. 1920లో క్లీబర్న్, హ్యూస్టన్ హైట్స్ ఫైనల్ ఆడి, ఇద్దరికీ సున్నాలే వచ్చి ఉమ్మడి విజేతలయ్యాయట. ఆ దశాబ్దంలో వేకో నాలుగుసార్లు గెలిచిందట. "మరి ఇప్పుడు ఈ రెండు జట్లలో ఇంతమంది నల్లజాతి పిల్లలున్నారు కదా, అప్పుడు వాళ్లు ఆడేవాళ్లు కాదా?" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ వారమే లైబ్రరీ నుంచి మైకేల్ హర్డ్ రాసిన 'థర్స్‌డే నైట్ లైట్స్' తెచ్చుకున్నాను. ఆడేవాళ్లే, కాకపోతే ఆ పట్టికలోకి వాళ్లని రానివ్వలేదు. పోటీలు నడిపే సంస్థ పేరు యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. అందులో చేరాలంటే తెల్లవాళ్ల ప్రభుత్వ బడి అయి ఉండాలని నిబంధన. అందుకని 1920లో నల్లజాతి బడుల కోసం వేరే లీగ్ పెట్టుకున్నారు. ప్రెయిరీ వ్యూ అనే నల్లజాతి కాలేజీ అండతో నడిచింది కాబట్టి దాన్ని ప్రెయిరీ వ్యూ లీగ్ అనేవారు. శుక్రవారం స్టేడియాలు తెల్ల బడులవి. వీళ్లకి మిగిలింది బుధవారం, గురువారం రాత్రులు. పుస్తకానికి ఆ పేరు అందుకే.

అలాగని వాళ్లేమీ దిగాలుగా కూర్చోలేదు. హ్యూస్టన్‌లో యేట్స్, వీట్లీ హైస్కూళ్లు థ్యాంక్స్‌గివింగ్ రోజున ఆడితే వేలకు వేల జనం. ఊరేగింపులు, బ్యాండ్లు, కిరీటాలు పెట్టుకున్న అమ్మాయిలు. మనకి సంక్రాంతి ఎలాగో వాళ్లకి ఆ రోజు అలాగ.

ఆ లీగ్‌లోంచి ఎంత పెద్ద ఆటగాళ్లు వచ్చారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. టెంపుల్ ఊళ్లోని డన్‌బార్ హైస్కూల్లో చదివిన జో గ్రీన్, తర్వాత పిట్స్‌బర్గ్ జట్టులో నాలుగు సూపర్ బౌల్స్ గెలిచాడు. బ్యూమాంట్‌లో విల్లీ రే స్మిత్ అనే కోచ్ కొడుకు బబ్బా స్మిత్. ఆ రోజుల్లో టెక్సాస్ యూనివర్సిటీ జట్టు నల్లజాతి ఆటగాళ్లను తీసుకునేది కాదు. పిల్లాడు ఇల్లు వదిలి ఎక్కడో చలిలో ఉన్న మిషిగన్ స్టేట్‌కి వెళ్లాల్సి వచ్చింది. 1967లో దేశం మొత్తంలో ప్రొఫెషనల్ జట్లు ఎంచుకున్న మొట్టమొదటి ఆటగాడు అతనే. ఇంట్లోనే కోచ్ తండ్రి ఉండి కూడా, కొడుకు సొంత రాష్ట్రంలో ఆడలేకపోవడం ఆ తండ్రికి ఎలా ఉండి ఉంటుందో!

బడుల్లో వర్ణభేదం చెల్లదని సుప్రీంకోర్టు 1954లో చెప్పింది. ఆ నిబంధన తీసేయడానికి ఇంకో 11 ఏళ్లు పట్టింది. 1967 నుంచి నల్లజాతి బడులు పెద్ద లీగ్‌లో ఆడాయి. 1970లో ప్రెయిరీ వ్యూ లీగ్ మూతపడింది. అయితే కథ అక్కడ సుఖాంతం కాలేదు. పిల్లల్ని కలిపేటప్పుడు మూసేసినవి చాలావరకు నల్లజాతి బడులే. ఏళ్ల తరబడి హెడ్ కోచ్‌లుగా ఉన్నవాళ్లు కొత్త బడిలో ఎవరో ఒకరి కింద సహాయకులయ్యారు. కొన్నిచోట్ల వాళ్లు గెలిచిన కప్పులు చెత్తలోకి పోయాయి. పిల్లలకి దారి తెరుచుకుంది గానీ, వాళ్లని పెంచిన బడి పేరు మిగల్లేదు.

ఇదంతా చదువుతుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆ ఇంట్లో చదువులో ఫస్టు ఎవరంటే ఆవిడ తమ్ముళ్ల పేర్లే చెప్పేవారు. అమ్మమ్మని బడికే పంపలేదు. పద్దులన్నీ నోటిలెక్కలతో క్షణంలో తేల్చే మనిషి. ఆవిడ ఫస్టా కాదా అని ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ పరీక్ష పెట్టలేదు.

పుస్తకం పూర్తయ్యాక భోజనాల దగ్గర మళ్లీ అడిగాను. "ఆ పాత పట్టికలో ఉన్నవాళ్లు నిజంగా స్టేట్ ఛాంపియన్లేనా?"

"ఆడినవాళ్లలో గెలిచారుగా," అన్నారు మావారు.

"ఆడనిచ్చినవాళ్లలో, నాన్నా," అన్నాడు మా వాడు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత యథాప్రకారం డంకన్‌విలా, నార్త్ షోరా అని మొదలుపెట్టారు. ఈసారి నాకు ఆ గొడవ విసుగనిపించలేదు. ఏ జట్టు పేరైనా చెప్పి పోట్లాడుకునే వీలుండడం కూడా ఎవరో కష్టపడి సంపాదించి పెట్టిందే. "పెరుగన్నం తిని పోట్లాడుకోండి," అని మాత్రం అన్నాను.