కంటలం నుంచి క్యాబిన్ బ్యాగు దాకా

పోయిన సంక్రాంతికి ఊరికి పోతూ జమ్మలమడుగు బస్టాండులో దిగాను. చేతిలో నాలుగు చక్రాల క్యాబిన్ బ్యాగు. ఎయిర్‌పోర్టు నేల మీద చిటికెన వేలితో తోస్తే పరుగెత్తే పెట్టె అది. బస్టాండు దాటి మా వీధి మలుపు తిరిగేలోగా కంకర్లో ఒక చక్రం ఊడి కాలవలో పడింది. కొని పద్నాలుగు నెలలే అయింది. వారంటీ కార్డు తీసి చూస్తే చక్రాలు "సహజమైన అరుగుదల" కిందికి వస్తాయట. చేసేదేముంది, మిగతా దూరం భుజానేసుకుని నడిచాను. అరుగు మీద కూర్చున్న మా జేజి చూసి, "ఏం అబ్బీ, చక్రాల పెట్టె అంటివి, నువ్వే దాన్ని మోసుకొస్తాండావే" అనింది.

అయిదేళ్ళలో ఇది మూడో బ్యాగు. క్లయింట్ల పుణ్యమా అని నెలకి రెండు మూడు సార్లు బెంగుళూరు నుంచి ఎక్కడికో అక్కడికి ఎగరాల్సిన ఉద్యోగం నాది. మీలో చాలామందిదీ అదే బతుకని తెలుసు. కొత్తది కొనే ముందు ఈసారి రివ్యూలు చదవడం మానేసి ఒక వింత పని చేశాను. మా ప్రాంతంలో మనకంటే ముందు తిరిగినవాళ్ళు సామాను దేంట్లో మోసుకెళ్ళారా అని పుస్తకాలు తిరగేశాను.

ముందుగా దొరికిన మాట కంటలం. ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడేలా వేసే జోడు సంచి. మా కడపలో కలెక్టరు గారి దగ్గర అసిస్టెంటుగా 1820లో చేరిన బ్రౌను దొర తర్వాత అచ్చేసిన నిఘంటువులో ఈ మాట ఉంది. సంచి, తిత్తి, జోలె, చిక్కం, గోనె, అడపం... ఒక్కో అవసరానికి ఒక్కో పేరు. మనం అన్నిటినీ కలిపి "బ్యాగు" అనేసి చేతులు దులుపుకున్నాం.

సరే, బండ్లుండగా ఎద్దు వీపు మీద మొయ్యడం ఎందుకు? వాన పడ్డాక జమ్మలమడుగు రేగడి నేలలో ఒకసారి నడిచి చూస్తే తెలుస్తుంది. చెప్పులే బయటికి రావు, ఇంక బండి చక్రం ఏం వస్తుంది? కొండ కనమల్లోనూ అంతే. చక్రం తెలియక కాదు, చక్రానికి తగిన నేల లేక మన వాళ్ళు ఎద్దు వీపునీ మనిషి భుజాన్నీ నమ్ముకున్నారు. (నా చక్రం కాలవలో పడ్డాక ఈ సంగతి నాకు బాగా అర్థమయింది.)

ఆ ఎడ్ల బిడారుల గురించి వివరంగా రాసినవాడు టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు. పదీ పన్నెండు వేల ఎడ్లున్న బిడారులు ఎదురయ్యేవని, వాటిని తోలేవాళ్ళలో ఒక్కో తెగ ఒక్కో సరుకే మోసేదని, ఒకళ్ళు ఉప్పు, ఒకళ్ళు బియ్యం, ఇలా చెబుతాడు. ఈయన 1652 సెప్టెంబరులో మా గండికోటకి వచ్చాడు. జమ్మలమడుగు నుంచి ఇప్పుడు అరగంట దారి. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకి రత్నాలు అమ్మాలంటే ముందు ఆయన సేనాని మీర్ జుమ్లాకి చూపించాలి. ఆ మీర్ జుమ్లా అప్పటికి కొద్దికాలం ముందే పెమ్మసాని వారి నుంచి గండికోట పట్టుకుని అక్కడే మకాం వేశాడు. అందుకని ఈ వర్తకుడు మద్రాసు నుంచి అంత దూరం వచ్చాడు. క్లయింటు ఎక్కడుంటే అక్కడికి పోవాల్సిందే, ఆ రోజుల్లోనూ!

ఆయన చూసినవాటిలో ఒక దృశ్యం నాకు చాలా ఇష్టం. మీర్ జుమ్లా డేరాలో కూర్చుని పని చేస్తున్నాడు. కాలి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు, ఎడమ చేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు. ఒక్కోటీ లాగడం, జవాబు చెప్పడం, రాసినదాన్ని చదివించుకుని ముద్ర వేయడం. మన ఇన్‌బాక్సే, కాకపోతే కాళ్ళకీ చేతులకీ ఉంది.

అక్కడే మీర్ జుమ్లా చిన్న చిన్న సంచుల్లో వజ్రాలు తెప్పించి ఆయనకి చూపించాడు. ఒక్కో సంచిలో పిడికెడు రాళ్ళు. నీరు మంచిది కాదని టావెర్నియే పెదవి విరిచాడనుకోండి, అది వేరే సంగతి. నాకు పట్టింది ఆ సంచి. పిడికెడు గుడ్డలో అంత విలువ. ప్రొద్దుటూరులో మా మామగారి తరఫు బంధువు ఒకాయన బంగారం వ్యాపారం మీద నలభై ఏళ్ళు రైళ్ళలో తిరిగాడు. ఆయన చేతిలో ఎప్పుడు చూసినా బట్టల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చే గుడ్డ సంచే. పైన ఒక తువ్వాలు, రెండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. అడిగితే, "పెట్టె మెరిస్తే దొంగ కన్ను దాని మీదే పడుతుంది నాయనా" అనేవాడు. లాప్‌టాప్ బ్యాగు మీద కంపెనీ లోగో ఇంతెత్తున వేసుకుని తిరిగే మనం ఆలోచించాల్సిన ముక్కే.

ఇక మన తెలుగువాడి ప్రయాణం. ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయల్దేరి కాశీకి పోయి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. తిరుపతి నుంచి కడప, ప్రొద్దుటూరికి దగ్గర్లోని దువ్వూరు, అక్కణ్ణుంచి అహోబిలం. ఆయన రాసిన "కాశీయాత్ర చరిత్ర" 1838లో అచ్చయింది. అది భక్తి పుస్తకం అనుకుని నేను చాలా ఏళ్ళు ముట్టుకోలేదు. నిజానికి అదొక పక్కా ట్రావెల్ మాన్యువల్. మజిలీ మజిలీకీ ఎంత దూరం, దారి ఇసకా రాయా, ఏరు దాటాలా, దిగడానికి చోటుందా, ఊళ్ళో సామాన్లు దొరుకుతాయా, నీళ్ళెలా ఉన్నాయి... వరసగా రాసుకుంటూ పోతాడు.

ఇది చదువుతుంటే నాకు తట్టింది: మన పెట్టె బరువంతా అక్కడ ఏం దొరుకుతుందో తెలియకపోవడం వల్ల వచ్చేదే. ముందున్న ఊళ్ళో బియ్యం దొరుకుతుందని తెలిస్తే బియ్యం మొయ్యక్కర్లేదు. తెలియకపోతే పది రోజులకి సరిపడా మోయాలి, దాన్ని మోసేవాడికి తిండి కూడా మోయాలి. వీరాస్వామయ్య రాసిన ఒక్కో "దొరుకును" వెనకొచ్చే వాడి భుజం మీంచి ఒక మూట దించింది. మొదటిసారి అమెరికా పోయినప్పుడు ప్రెషర్ కుక్కరూ, రెండు కిలోల చింతపండూ మోసుకెళ్ళిన తరం మనది. రెండోసారికి అవి ఇంట్లోనే ఉండిపోయాయి. మనం బలహీనపడలేదు, అక్కడ దొరుకుతాయని తెలిసిందంతే.

అయితే ఆ పుస్తకంలో నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి ఒకటుంది. ఆయనతో పాటు ఇంచుమించు వందమంది నడిచారు. పల్లకీ బోయీలు, పరిచారకులు. కాశీకి వెళ్ళొచ్చిన వాడి పేరు మనకి తెలుసు, మోసిన వాళ్ళ పేర్లు తెలీవు. వాళ్ళూ కాశీకి వెళ్ళొచ్చారు కదా, అదీ నడిచి, భుజాన బరువుతో! సూట్‌కేసుకి చక్రాలు ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. బెర్నార్డ్ సాడో అనే అమెరికా ఆయనకి ఆ ఆలోచన వచ్చింది 1970లో, పేటెంటు వచ్చింది 1972లో. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది 1969లో! నిటారుగా నిలబెట్టి లాక్కెళ్ళే రెండు చక్రాల పెట్టెని రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ 1987లో తయారు చేశాడు. చక్రం వేల ఏళ్ళుగా ఉంది, పెట్టే ఉంది. మోసేవాడు చవగ్గా దొరికినంత కాలం ఆ రెంటినీ కలపడాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

మా ఇంట్లో ఈ చరిత్రంతా ఒక రేకు పెట్టె. నాయన 1970ల్లో పులివెందుల దగ్గరి పల్లె నుంచి హాస్టలుకి పోతూ తీసుకెళ్ళిన ట్రంకు. బస్సు టాపు మీద చీనీకాయల బస్తాల పక్కన తాడేసి కట్టేవాళ్ళట. పిడి రెండుసార్లు మారింది, కొండీ ఒకసారి. అడుగు తుప్పు పడితే ప్రొద్దుటూరులో కొత్త రేకు వేయించారు. తర్వాత నేను చదువుకి పోయినప్పుడు అదే పెట్టె ఎర్రగుంట్ల దాకా బస్సులో, అక్కణ్ణుంచి రైల్లో వచ్చింది. (ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా నంద్యాలకి రైలు నడిచింది 2016లో. అప్పటిదాకా మాకు రైలంటే ఎర్రగుంట్లే. పులివెందులకి ఇంకా లేదు.) ఇప్పుడా పెట్టెలో జేజి పట్టుచీరలున్నాయి. గట్టి పెట్టె అని పొగుడుతాం గానీ అది చాలాసార్లు పాడయింది. పాడైన ప్రతిసారీ బాగుచేసేవాడు ఊళ్ళో ఉన్నాడు, బాగుచేయడానికి వీలుగా అది తయారయింది. నా మూడు బ్యాగులూ రేకు పెట్టె కంటే తెలివైనవే. ఒకటి జిప్పు దగ్గర, ఒకటి లాగే పిడి దగ్గర, ఇది చక్రం దగ్గర చచ్చాయి. వాటి గుడ్డా, పెంకూ ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయి!

అందుకని ఈసారి నా లెక్క మారింది. మన దేశవాళీ విమానాల్లో మామూలుగా క్యాబిన్‌కి ఏడు కిలోలు, మూడు కొలతలూ కలిపి 115 సెంటీమీటర్లు. అంటే 55, 35, 25. ఖాళీ పెట్టే మూడు కిలోలుంటే మనకి మిగిలేది నాలుగు. కనక మొదట ఖాళీ బరువు చూడాలి. రెండోది చక్రాలు. నాలుగు చక్రాలవి పాలరాతి నేలకి తగినవి, చక్రాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి దెబ్బ ముందు వాటికే. నాలాగా సగం ప్రయాణం కంకర మీద చేసేవాడికి ఒంట్లోకి ఒదిగిన రెండు చక్రాలే మేలు, అవీ మరతో బిగించినవి కావాలి. రివెట్ కొట్టినదైతే ఊడితే ఊడినట్టే. మూడోది, మెత్తటి నైలాన్ గుడ్డ. పెంకు పగిలితే అతుకు లేదు, గుడ్డ చిరిగితే సూది ఉంది.

మొన్న కొన్నాను. అన్ని కొలతలూ కుదిరినదే. నాయనకి చూపిస్తే ఖాళీ పెట్టె ఎత్తి చూశారు, చక్రాలు తిప్పి చూశారు, జిప్పు రెండుసార్లు లాగారు. తర్వాత ఒకటే అడిగారు: "ఇది పోతే కుట్టేదెవరు?"

మరుసటి రోజు ఇద్దరం ప్రొద్దుటూరు పోయి, బట్టల అంగళ్ళ వెనక సందులో స్కూలు బ్యాగులు కుట్టే ఆయన ముందు పెట్టాం. ఆయన జిప్పు తెరిచి, లోపలి లైనింగు కింద వేళ్ళు పోనిచ్చి కుట్టు తడిమి, చక్రం దగ్గర మరలు చూసి, "జిప్పు మారుస్తా, పిడి గుడ్డది కాబట్టి అదీ అవుతాది. చక్రం మాత్రం ఇట్లాంటిది నా దగ్గర ల్యాదు, ఇప్పుడే రెండు తెచ్చి పెట్టుకో సామీ" అన్నాడు. ఆ రెండు చక్రాల కోసం వెతుకుతున్నాను.