‘కిరణ్’ వ్యక్తినామం: అర్థం, రూపం, లింగం

తెలుగు వ్యక్తినామాల్లో లింగసూచన చాలావరకు ఉత్తరపదంలో ఉంటుంది. ఎల్లయ్య–ఎల్లమ్మ, పోలయ్య–పోలమ్మ వంటి జంటల్లో మూలం ఒక్కటే. ‘అయ్య’, ‘అమ్మ’ అనే బంధువాచకాలే స్త్రీపురుష భేదాన్ని తెలుపుతాయి. ఇటువంటి భాషలో ఇద్దరికీ చెల్లే ‘కిరణ్’ అనే పేరు ఎలా కుదురుకున్నదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

‘కిరణ’ శబ్దం వెదజల్లడమనే అర్థంగల ‘కౄ’ ధాతువు నుంచి ఏర్పడింది. ఋగ్వేదంలో దీనికి ధూళి అనే అర్థం ఉంది. తరువాతి సంస్కృతంలో వెలుగురేఖ అనే అర్థం స్థిరపడింది. చెదిరే ధూళికైనా, ప్రసరించే కాంతికైనా ధాత్వర్థం ఒక్కటే. అమరకోశం మయూఖ, గభస్తి, రశ్మి శబ్దాలతోపాటు దీనిని పుంలింగంగా పేర్కొన్నది. తెలుగులో లింగం అర్థాన్ని అనుసరిస్తుంది కనుక, అదే శబ్దం డుప్రత్యయం పొందక ‘కిరణము’ అని అమహద్వాచకమైంది.

వ్యక్తినామంగా వ్యాపించినది మాత్రం ‘కిరణము’ కాదు, ‘కిరణ్’. తత్సమాలను అజంతంగా పలికే తెలుగుకు ఈ హలంతరూపం సహజం కాదు. పదాంత అకారాన్ని పలకని హిందీ మొదలైన భాషల ఉచ్చారణను ఇది అనుసరిస్తుంది. ‘డు’, ‘ము’ రెండూ లేకపోవడంతో పేరులో లింగసూచన మిగలలేదు. 1972లో ఐ.పి.ఎస్.లో చేరిన కిరణ్ బేడీ, 2006లో బుకర్ బహుమతి పొందిన కిరణ్ దేశాయ్ స్త్రీలు. 2010–14 మధ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి పురుషుడు.

అయితే తెలుగు ఈ తటస్థతను పూర్తిగా అంగీకరించలేదు. ‘కుమార్’ చేర్చి పురుషనామంగాను, ‘కిరణ్మయి’ అని స్త్రీనామంగాను స్పష్టం చేసుకున్నది. ఈ రెండవ రూపం గమనార్హం. ‘కిరణ’కు ‘మయ’ ప్రత్యయం చేరితే వ్యాకరణరీత్యా ‘కిరణమయి’ కావాలి. పాణిని నిపాతనంగా సాధించిన ‘హిరణ్మయ’ శబ్దం పోలికతో ‘కిరణ్మయి’ ఏర్పడిందని భావించవచ్చు.

ఏ చేర్పూ లేనప్పుడు లింగనిర్ణయం క్రియపై ఆధారపడుతుంది: ‘కిరణ్ వచ్చాడు’, ‘కిరణ్ వచ్చింది’. గౌరవార్థంలో ‘కిరణ్ వచ్చారు’ అన్నప్పుడు ఆ సూచన కూడా లోపిస్తుంది. పీఠికలు, సమీక్షలు రచయితలను సాధారణంగా గౌరవవాచకంతోనే పేర్కొంటాయి. వాటిని చదివి, కర్త పురుషుడేనని ఊహించి గ్రంథసూచి తయారుచేస్తే స్త్రీల రచనలు లెక్కలోకి రాకుండాపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఇటువంటి పేర్ల విషయంలో వేరొక ఆధారం లభించేవరకు కర్త లింగాన్ని నిర్ణయించకపోవడమే సాహిత్యచరిత్ర రచనకు శ్రేయస్కరం.