తారీఖు రాని ఆట

మా ఇంట్లో ఇంతెజార్ కొత్త సంగతి కాదు. భాయ్‌జాన్ షార్జా వెళ్లిన నాటి నుంచి అమ్మీ క్యాలెండర్‌లో ఎప్పుడూ ఏదో ఒక తారీఖు చుట్టూ సున్నా చుట్టి ఉండేది. రెండేళ్లకోసారి అరవై రోజుల సెలవు. 2006 చివర్లో వచ్చినప్పుడు సూట్‌కేసులో అత్తరు సీసాలు, ఖర్జూరాల డబ్బాలు, వాటి మధ్య చొక్కాల్లో చుట్టిన ప్లేస్టేషన్ 2 ఉన్నాయి. దాంతోపాటు ఒకే ఒక డిస్కు: డ్రాగన్ క్వెస్ట్ ఎనిమిదో భాగం.

అబ్బా పడుకున్నాక టీవీ గొంతు తగ్గించి ఇద్దరం ఆడేవాళ్లం. సెలవు అయిపోయింది, కథ అయిపోలేదు. బయలుదేరే రోజు మెమరీ కార్డు నా చేతిలో పెట్టి, "ఛోటే, నేను లేకుండా ఆఖరివాణ్ని కొట్టొద్దు" అన్నాడు. వాదా చేశాను.

ఆ సిరీస్‌లో పన్నెండో భాగం కోసం ఇప్పుడు మళ్లీ ఎదురుచూస్తున్నాం. 2021 మే 27న దాని పేరు ప్రకటించారు: 'ది ఫ్లేమ్స్ ఆఫ్ ఫేట్'. మంటల్లో వెలిగే పేరు చూపించారుగానీ తారీఖు చెప్పలేదు. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ అనీ అర్థమే, చరిత్ర అనీ అర్థమే. తేదీ చేతికి రాలేదు కాబట్టి, కనీసం చరిత్రయినా చెప్పుకుందాం. ఒక ఆట మీద ఒక దేశానికి ఇంత ఉమ్మీద్ ఎలా పుట్టిందో అందులోనే ఉంది.

మొదటి డ్రాగన్ క్వెస్ట్ 1986 మే 27న జపాన్‌లో ఎనిక్స్ కంపెనీ నుంచి, నింటెండో వారి ఫామికామ్ యంత్రం మీద వచ్చింది. రాసింది యూజీ హోరీ. ఆయన వసేదా యూనివర్సిటీలో చదివి, పత్రికలకు వ్యాసాలు రాస్తూ, ఎనిక్స్ పెట్టిన ప్రోగ్రామింగ్ పోటీలో నెగ్గి ఈ రంగంలోకి వచ్చారు. అమెరికాలో కంప్యూటర్ల మీద ఆడే 'అల్టిమా', 'విజార్డ్రీ' అంటే ఆయనకు షౌఖ్. కానీ అవి కష్టమైన ఆటలు. వాటిని మామూలు ఇంటి పిల్లవాడు కూడా ఆడుకునేలా చెయ్యాలన్నది హోరీ కోరిక.

బొమ్మలు గీసింది అకీరా తోరియామా. 'డ్రాగన్ బాల్' గీసిన ఉస్తాద్ ఆయనే. హోరీ అప్పటికే 'షోనెన్ జంప్' అనే పిల్లల వారపత్రికలో ఆటల మీద శీర్షిక రాస్తున్నారు, తోరియామా బొమ్మల కథ కూడా అందులోనే వచ్చేది. స్లైమ్ అనే జంతువును హోరీ బురద ముద్దలా గీసి పంపితే, తోరియామా దాన్ని నవ్వే నీటిబొట్టుగా మార్చేశారు. ఆ నవ్వే ఈ సిరీస్‌కు ముద్ర అయింది.

సంగీతం కోయిచీ సుగియామాది. ఈయన వచ్చిన ఖిస్సా మరీ తమాషాగా ఉంటుంది. ఎనిక్స్ అమ్మిన ఒక షోగీ ఆట, అంటే జపాన్ చదరంగం, ఆడి డబ్బాలోని అభిప్రాయాల కార్డు నింపి పక్కన పడేశారట. ఆయన బేగం దాన్ని పోస్టులో వేశారు. అంత పేరున్న సంగీతకారుడి కార్డు చూసి కంపెనీవాళ్లు ఆశ్చర్యపోయి ఆయన దగ్గరకు వచ్చారు. ఆట మొదట్లో వినిపించే ధుని ఐదు నిమిషాల్లో పుట్టిందనీ, ఆ ఐదు నిమిషాల వెనుక యాభై నాలుగేళ్ల జిందగీ ఉందనీ ఆయన చెప్పేవారు.

ఇదంతా 64 కిలోబైట్లలో సర్దారు. ఈ రోజు మన ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు పెద్దది. చోటు చాలక జపనీస్ కటకానా అక్షరాల్లో కొన్నిటినే ఉంచుకుని, వాటితో రాయగలిగిన పేర్లే పెట్టారు. ఆట దాచుకునే వీలు లేదు. ఆపేటప్పుడు రాజుగారు ఇరవై అక్షరాల మంత్రం చెబుతారు, పిల్లలు దాన్ని కాగితం మీద రాసుకోవాలి. రెండో భాగంలో అది యాభై రెండు అక్షరాల దాకా పెరిగింది. ఒక్క అక్షరం తప్పు రాస్తే నిన్నటి కష్టమంతా మట్టిపాలు. ఆ తరం జపాన్ బచ్‌పన్‌లో ఈ తక్లీఫ్ పడనివాళ్లు తక్కువ.

మన దాస్తాన్‌ల సంగతి తెలిసినవాళ్లకు ఇది మరీ పరాయిగా అనిపించదు. 1883 నుంచి లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ అచ్చువేసిన 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'లో కూడా ఒక తిలిస్మ్ ఉంటుంది, దాన్ని ఛేదించే తాళం ఎక్కడో దాగి ఉంటుంది, వీరుడి వెంట వేషాలు మార్చే అయ్యార్లు నడుస్తారు. వినేవాడు రేపటి రాత్రి కోసం ఆగాలి. ఆగడం కూడా కథలో భాగమే.

మొదటి ఆట నిదానంగా అమ్ముడై, పత్రికలో రాతల వల్ల, పిల్లల నోటి మాట వల్ల పుంజుకుంది. 1987 జనవరిలో రెండోది వచ్చింది. 1988 ఫిబ్రవరి 10న మూడోది. ఆ రోజు బుధవారం. దుకాణాల ముందు చీకటితోనే లైన్లు కట్టారు. మొదటి రోజే పది లక్షలు దాటి అమ్ముడైంది. బడి ఎగ్గొట్టి లైన్లో నిలబడిన మూడు వందల మంది దాకా పిల్లలను పోలీసులు పట్టుకుని మందలించారు. కొన్న పిల్లల చేతుల్లోంచి క్యాసెట్ లాక్కుపోయిన ఘటనలూ ఉన్నాయి. అమ్ముడుపోని పాత ఆటను కూడా కొంటేనే ఇది ఇస్తామన్న దుకాణదారులూ ఉన్నారు. ఉమ్మీద్ ఎక్కడ పెరిగితే అక్కడికి లాలచ్ కూడా వస్తుంది.

ఇక్కడే ఒక అపోహ పుట్టింది. డ్రాగన్ క్వెస్ట్ పనిదినాల్లో అమ్మకూడదని జపాన్ ప్రభుత్వం చట్టం చేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి చట్టమేదీ లేదు. గొడవ చూసిన కంపెనీయే ఆ రివాజ్ పెట్టుకుంది. నాలుగో భాగం నుంచి తొమ్మిదో భాగం దాకా అన్నీ శని, ఆదివారాల్లోనే విడుదలయ్యాయి.

మొదటి మూడు భాగాలూ రెండేళ్లలోపే వచ్చేశాయి. తర్వాత జమానా మారింది. 1990, 1992, 1995. ఏడోది వాయిదాల మీద వాయిదాలు పడి 2000 ఆగస్టులో వచ్చింది. 2003లో ఎనిక్స్, స్క్వేర్ కలిసి ఒకే కంపెనీ అయ్యాయి. 2004, 2009, 2012, 2017. పదకొండో భాగం తర్వాత కొత్త అంకె పడలేదు.

ఎదురుచూసేవాళ్ల బలం ఎంతో 2006 డిసెంబర్‌లో తెలిసింది. తొమ్మిదో భాగంలో వంతులవారీ పోరాటం తీసేసి, చేతివేగం మీద నడిచే పోరాటం పెడతామని ప్రకటించారు. అభిమానులు ఒప్పుకోలేదు. తయారీదారులు వెనక్కి తగ్గి వంతుల పద్ధతికే తిరిగి వచ్చారు. అందుకే 2021లో హోరీ, పన్నెండో భాగం పెద్దవాళ్ల కోసం కాస్త చీకటిగా ఉంటుందనీ, కమాండ్ పోరాటాన్ని కొత్తగా మారుస్తామనీ అన్నప్పుడు, నాకు ఖుషీ ఎంత కలిగిందో భయమూ అంతే కలిగింది.

ఆ ఏడాది జూలై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభంలో క్రీడాకారులు నడిచి వస్తుంటే మొట్టమొదట వినిపించింది సుగియామా ధునే. సెప్టెంబర్ 30న ఆయన ఇంతెఖాల్ అయ్యారు, తొంభై ఏళ్ల వయసులో. 2024 మార్చి 1న తోరియామా కూడా వెళ్లిపోయారు, అరవై ఎనిమిదేళ్లకే. ముగ్గురు ఉస్తాదుల్లో హోరీ ఒక్కరే మిగిలారు. పన్నెండో భాగం ఆ ఇద్దరి చివరి పని అవుతుంది కాబట్టి, వాళ్లకు తగ్గట్టుగా ఉండాలన్న మాట ఆయన చెప్పారు. నా లెక్కలో అప్పటి నుంచి అది ఆట కాదు, అమానత్.

కాబట్టి నా ఉమ్మీదులు పెద్దవి కావు. కథ ఎంత చీకటిగా ఉన్నా సరే, ఊళ్లో బావి దగ్గర నిలబడి రెండు ముక్కలు మాట్లాడి నవ్వించే మనిషి ఉండాలి. హోరీ హునర్ అంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. స్లైమ్ నవ్వుతూనే ఉండాలి. పోరాటం ఎలా మార్చినా, ఆలోచించుకునే వ్యవధి మిగలాలి. ఎందుకంటే ఆ వ్యవధిలోనే పక్కన కూర్చున్నవాడు "ఇప్పుడు మందు వాడు" అని సలహా చెబుతాడు. వేగం పెరిగితే ఆడేది ఒక్కడే అవుతాడు. ఇక నాలుగోది, అడగడానికి కాస్త సిగ్గుగానే ఉంది: ఈ సిరీస్ మన భాషల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఇప్పటిదాకా రాలేదు. అమ్మీకి ఆ కథ అర్థం కావాలని నా కోరిక.

తొందర మాత్రం వద్దు. 2024 నవంబర్‌లో మూడో భాగం, 2025 అక్టోబర్ 30న మొదటి రెండు భాగాలు కొత్త రూపంలో వచ్చాయి. ఆగడానికి అవి చాలు.

మా మెమరీ కార్డు సంగతి చెప్పాలి కదా. 2008లో భాయ్‌జాన్ ఆపా నికాహ్ కోసం ఇరవై రోజులకే వచ్చాడు, ఆట పెట్టె అటక మీంచి దిగనే లేదు. ఆఖరివాణ్ని కొట్టింది 2010లో. నాలుగేళ్లు నేను ఆ కార్డు ముట్టుకోలేదు. గెలిచాక భాయ్‌జాన్ ఏమీ అనలేదు, చాలాసేపు రిమోట్ కింద పెట్టలేదు.

నిరుడు షార్జా వదిలేసి పూర్తిగా వచ్చేశాడు. యాభై దాటాయి, దగ్గరి చూపుకు అద్దాలు. అమ్మీ క్యాలెండర్‌లో ఇప్పుడు సున్నాలు లేవు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అబ్బాయిని పిలిచి, "బేటా, ఫోన్‌లో చూడు, తారీఖ్ చెప్పారా?" అని అడుగుతాడు. వాడు చూసి తల అడ్డంగా ఊపుతాడు. "పర్వాలేదులే, ఇప్పుడు నేను ఎక్కడికీ పోవడం లేదుగా" అని భాయ్‌జాన్ దిండు సర్దుకుంటాడు.